నేత్ర రక్షణ

ఇంద్రియములలో కన్ను ప్రధానమని పెద్దలు చెప్పుదురు. అయినను పంటినొప్పికి వెంటనే వైద్యుని వద్దకు పరుగెత్తువారే చూపు మందగించినప్పుడు "వయసు వచ్చినది, ఇంతే" అని ఊరకుందురు. మారిషస్‌లోని తెలుగువారి ఇండ్లలో ఈ మాట తరచుగా వినబడును. ఆ ఒక్క మాట క్రింద వేర్వేరు వ్యాధులు దాగియుండును. కొన్ని సులభముగా నయమగును. కొన్ని, ఆలస్యమైనచో, ఎన్నటికిని నయము కావు.

నలుబది ఏండ్లు దాటిన పిమ్మట పుస్తకమును దూరముగా పట్టుకొని చదువవలసివచ్చుట చత్వారము. ఇది రోగము కాదు. తగిన కళ్ళద్దములు చాలును.

కంటిలోని కటకము మసకబారినచో అది శుక్లము. ఎండలో చూపు చెదరును, రంగులు వెలిసినట్లుండును. ఏ చుక్కల మందుతోను శుక్లము కరగదు. మసక కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చుదురు. ఈ పద్ధతిని 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అను వైద్యుడు ఆరంభించెను. శుక్లము ముదురువరకు ఆగవలెనని పూర్వము చెప్పెడివారు. నేడు ఆ అవసరము లేదు.

ఎక్కువ భయపడవలసినది మధుమేహమునకు. మారిషస్‌లో పెద్దవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి కలదని 2021లో జరిగిన ఆరోగ్య సర్వే తెలిపినది. కంటి వెనుక రెటీనా అను సున్నితమైన పొర కలదు. రక్తములో చక్కెర హెచ్చుగా ఉన్నచో ఆ పొరలోని సన్నని రక్తనాళములు క్రమముగా చెడును. వాటినుండి ద్రవము ఊరును, కొన్నిసార్లు రక్తము చిందును. ఇంత జరుగుచున్నను ఆరంభములో నొప్పి ఉండదు, చూపు తగ్గదు. ఇంటిలోని నాయనమ్మ సూదిలో దారము ఎక్కించుచునే ఉండును; కనుక కంటి పరీక్ష ఎందుకని మనుమలు అనుకొందురు. సూదిలో దారము ఎక్కించగలుగుట రెటీనా ఆరోగ్యమునకు ప్రమాణము కాదు. చూపు తగ్గినదని ఆమె చెప్పునప్పటికి వ్యాధి చాల ముదిరియుండవచ్చును.

కావున రెండవ రకపు మధుమేహము కలదని తెలిసిన వెంటనే ఒకసారి, ఆపై వైద్యుడు వేరుగా చెప్పనిచో ఏటేటా, రెటీనాను పరీక్ష చేయించుకొనవలెను. ఇందుకు కంటిలో చుక్కలు వేసి పాపను పెద్దది చేయుదురు. కొన్ని గంటలు చూపు మసకగా ఉండును గనుక వాహనము నడపరాదు. కొడుకో కోడలో తోడు వెళ్ళుట మంచిది. లేజరు చికిత్స, కంటిలోనికి ఇచ్చు సూదిమందు నేడు కలవు. ఇవి ముఖ్యముగా ఉన్న చూపును నిలుపును. పోయిన చూపునంతయు తెచ్చి ఇయ్యలేవు. చక్కెర, రక్తపు పోటు అదుపులో లేనిచో చికిత్స ఫలితమును తగ్గును.

మునగాకు మాట కొందరు అడుగుదురు. క్రియోలులో బ్రేద్ ముర్రుమ్ అని పిలిచెడి ఈ కూర మంచిదే. విటమిన్ ఏ లోపమువలన కలుగు రేచీకటికి ఇట్టి ఆకుకూరలు మేలుచేయును. మధుమేహము చెరిపిన రెటీనాను మాత్రము అవి బాగుచేయలేవు.

నీటికాసులు కూడ చాలమందిలో చప్పుడు లేకనే వచ్చును. కంటి నరము దెబ్బతిని, ముందుగా ప్రక్కచూపు పోవును. ఇది రక్తసంబంధులలో ఎక్కువగా కనబడును. అన్నకు ఉన్నదని తేలినచో తమ్ముడును, చెల్లెలును తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

చెరకు ఆకు అంచు కన్నును గీసినచో నలుపరాదు. తేనె, ఆకు పసరు, చనుబాలు పోయరాదు. ఇంటిలో మిగిలిన చుక్కల మందును వేయుట మరింత ప్రమాదము. అందులో స్టెరాయిడ్ ఉన్నచో పుండు ముదురును. ఆ దినముననే వైద్యునికి చూపవలెను.

కంటిలో హఠాత్తుగా మెరుపులు, నల్లని చుక్కలు కనబడినను, తెర దిగినట్లున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. పండుగ ముగియువరకు ఆగరాదు.