ముత్యాల వెనుక మనుషులు

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తుకొస్తాయి. కష్టజీవులకూ చరిత్ర ఉంటుందని పర్షియన్ గల్ఫ్‌లోని చిన్న ద్వీప దేశం బహ్రెయిన్ చెబుతుంది.

గల్ఫ్ తీరాన సుమారు 7,500 సంవత్సరాల నాటి ముత్యాలు తవ్వకాల్లో దొరికాయి. బహ్రెయిన్‌లోని ప్రాచీన కోట దిబ్బను 1950లలో డెన్మార్క్ శాస్త్రజ్ఞులు తవ్వినప్పుడు, పాముల ఎముకలు ఉంచిన మట్టిపాత్రలు బయటపడ్డాయి. ఒక పాత్రలో ముత్యం కూడా ఉంది. చమురు రాకముందు ఈ ద్వీపానికి ముత్యమే ప్రధాన ఆదాయం. మన హైదరాబాద్ దుకాణాల్లో బస్రా ముత్యం అనే పేరుతో అమ్మినదీ ఈ గల్ఫ్ ముత్యమే.

వేసవిలో పడవలు సుమారు నాలుగు నెలలు సముద్రంలోనే ఉండేవి. గజ ఈతగాడు ముక్కుకు బిగింపు పెట్టుకొని, కాలికి రాతి బరువుతో అడుగుకు దిగేవాడు. ఊపిరి బిగబట్టి, దాదాపు నిమిషంలోపు చిప్పలు ఏరి బుట్టలో వేసుకొని తాడు కదిపేవాడు. పడవ మీది మనిషి పైకి లాగేవాడు. అతని చేతిలోనే ఈతగాడి ప్రాణం ఉండేది. అయినా అతని వాటా ఈతగాడి వాటా కంటే తక్కువ.

బయలుదేరే ముందు ఇంటి ఖర్చులకు పడవ యజమాని అప్పు ఇచ్చేవాడు. సీజను ముగిశాక లెక్క చూస్తే అప్పు తీరేది కాదు. మరుసటి ఏడాది మళ్ళీ అదే పడవ ఎక్కాలి. తండ్రి చనిపోతే ఆ బాకీ కొడుకు మీద పడేది. మన ఊళ్ళలో అప్పుకింద జీతం ఉన్న పాలేర్ల బతుకూ ఇంతే కదా! 1920లలో జరిగిన సంస్కరణలతో ప్రతి ఈతగాడికీ ఖాతా పుస్తకం ఇవ్వాలని నియమం వచ్చింది. అయితే పుస్తకం చేతికి వస్తే చాలదు, అందులోని అంకెలు చదవడం రావాలి.

జపాన్ పెంపకపు ముత్యాలు, 1929 ఆర్థికమాంద్యం ఈ వృత్తిని కూల్చాయి. 1932లో అక్కడ చమురు పడింది.

2012లో యునెస్కో ఈ ముత్యాల వారసత్వాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో మూడు చిప్పల క్షేత్రాలు, ఒక తీరభాగం, ముహర్రక్ పట్టణంలోని 17 కట్టడాలు ఉన్నాయి. వ్యాపారుల మేడలతోపాటు ఈతగాడి చిన్న ఇల్లు కూడా వాటిలో ఒకటి.

మిత్రులారా! మన తాతల ఇళ్ళను ఏ జాబితాలోనూ ఎవరూ చేర్చలేదు. వారు ఏ పని చేశారు, ఎంత కూలి తీసుకున్నారు, ఎవరికి ఎంత బాకీ పడ్డారు? ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు అడిగి నోటుబుక్కులో రాసుకుందాం. చదువు నేర్చిన మనమే ఆ ఖాతా తెరవాలి.