ప్రమాణం ప్రమాణమే, పరీక్ష పరీక్షే

సందేహం: నా వయసు 27. కాణిపాకంలో అంగడి నడుపుతున్నాను. నేను గే. మూడేళ్లుగా ఒకే స్నేహితుడితో ఉంటున్నాను. ఇద్దరం ఒకసారి రక్తపరీక్ష చేయించుకుందామంటే, "నా మీద అనుమానమా? పద, వినాయకుడి ముందర ప్రమాణం చేస్తా" అంటున్నాడు. మళ్లీ అడగడానికి మనసొప్పడం లేదు. పరీక్ష అవసరమేనా?
– పేరు ప్రచురించవద్దు, కాణిపాకం

సమాధానం: అవసరమే. మీ స్నేహితుడు నిజమే చెబుతూ ఉండొచ్చు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణానికి ఎవరూ అంత సులువుగా సాహసించరు. కానీ ఎవరైనా ప్రమాణం చేయగలిగేది తనకు తెలిసిన సంగతి మీదే. ఒంట్లో చేరిన జబ్బు సంగతి అతనికే తెలియకపోవచ్చు. హెచ్‌ఐవీ ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపకుండా ఉండగలదు. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. అది మీ పరిచయానికి ముందు సోకినదైనా కావచ్చు, మీలోనే ఉండొచ్చు కూడా. అందుకే "నువ్వు చేయించుకో" అనకండి. "నేను చేయించుకుంటున్నాను, తోడు రా" అనండి. పరీక్ష ఎవరి నిజాయతీనీ తూచదు.

సందేహం: చిత్తూరు ఆసుపత్రికి వెళితే తెలిసినవాళ్లు ఎదురవుతారని భయం. డాక్టరుకు నేను గే అని చెప్పాలా? విషయం బయటికి పొక్కితే?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: మీ భయం నాకు అర్థమవుతోంది. అయినా చట్టం మీ పక్షాన ఉంది. పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. అదే నెల అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా ఫలితం బయటపెట్టకూడదు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ ఉచితం. చిత్తూరులో ఇబ్బందనిపిస్తే తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే 1097కు ఫోన్ చేయండి. అది ఉచిత హెల్ప్‌లైన్.

ఇక డాక్టరుకు దాచకండి. గనేరియా, క్లమీడియా గొంతులో, మలద్వారంలో ఉన్నా చాలామందికి ఏమీ తెలియదు. మూత్రపరీక్షలో అవి బయటపడవు. ఆయా చోట్ల నుంచి నమూనా తీయాలంటే మీ సంబంధాల గురించి డాక్టరుకు తెలియాలి.

సందేహం: కిందటేడు హెచ్‌ఐవీ నెగటివ్ వచ్చింది. మళ్లీ మళ్లీ ఎందుకు? ఒకవేళ పాజిటివ్ వస్తే బతుకేం కావాలి? తెలియకుండా ఉండటమే మేలేమో!
– ఒక విద్యార్థి, తిరుపతి

సమాధానం: బాబూ, ఈ భయం పాత కాలం నాటిది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ బృందం సేకరించిన రక్త నమూనాలను మన పక్కనున్న వేలూరు సీఎంసీలో పరీక్షించినప్పుడు, దేశంలో హెచ్‌ఐవీ తొలిసారి బయటపడింది. అప్పట్లో జబ్బు తెలిసినా వైద్యులు చేయగలిగింది తక్కువ. ఇప్పుడు పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వమే ఉచితంగా మందులిస్తోంది. క్రమం తప్పకుండా వాడితే నిండు జీవితం బతకొచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గి, అలాగే నిలిస్తే లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదు. తెలుసుకోకపోవడమే నష్టం.

కిందటేటి నెగటివ్ ఆ తర్వాతి రోజులకు వర్తించదు. పైగా వైరస్ సోకిన వెంటనే పరీక్షలో కనిపించదు, పరీక్షను బట్టి మూడు నెలల దాకా పట్టొచ్చు. ఒకరికంటే ఎక్కువమందితో సంబంధాలుంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి, లేకున్నా ఏడాదికోసారి చేయించుకోండి. హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్, హెపటైటిస్ బి, సి కూడా చూడమనండి. హెపటైటిస్ బికి టీకా ఉంది, వేయించుకోండి. సిఫిలిస్ తొలిదశలో ఉంటే పెన్సిలిన్ ఇంజక్షన్‌తోనే నయమవుతుంది.

కండోమ్ చిరిగినా, వాడకపోయినా 72 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లండి. ఎంత తొందరగా వెళితే అంత మంచిది. 28 రోజుల మందులతో హెచ్‌ఐవీ సోకే అవకాశాన్ని బాగా తగ్గించవచ్చు. తెల్లారాక చూద్దాం, సెలవు రోజు వెళదాం అనుకోకండి.