మురుగుమడ్డి ఎరువు: నేలనుండి పోవు నత్రజని



మరుగుదొడ్ల తొట్లనుండి తీసిన మడ్డిని శుద్ధిచేసి, ఆకుచెత్తతో కలిపి మాగవేసినచో ఎరువగును. మన వరంగల్లు నగరపాలక సంస్థ 2016లో ఈ మడ్డిని ఎత్తుటకును, శుద్ధిచేయుటకును నియమముల నేర్పరచినది. అమ్మవారిపేటయందు శుద్ధికేంద్రము వెలసినది. ధాన్యముతో పట్టణమునకు పోయిన సారము మరల పొలమునకు వచ్చుట మేలే. కాని వచ్చిన సారము గాలిలో కలిసిపోకుండ కాచుకొనవలెను. ఆ విధమును ఈ పాఠమున తెలుపుచున్నాము.

నష్టమెట్లు కలుగును?

ఎరువులోని నత్రజనిని నేలలోని సూక్ష్మజీవులు పైరు గ్రహించు రూపమునకు మార్చును. పైరు తనకు కావలసినంతయే తీసికొనును. నేల తడిసి గాలి యాడనపుడు, మిగిలినదానిని వేరొక జాతి సూక్ష్మజీవులు వాయువుగా మార్చి విడిచిపెట్టును. అందులో కొంత నైట్రస్ ఆక్సైడు. అది కంటికి కనబడదు. నూరేండ్ల లెక్కలో ఈ వాయువు ఒక కిలో, 273 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానముగా భూమిని వేడిచేయును.

అంతర్జాతీయ శాస్త్రజ్ఞులు వాడు సాధారణ ప్రమాణమునుబట్టి, నేలకు వేసిన 100 కిలోల నత్రజనిలో సుమారు 1 కిలో ఇట్లు పోవును. అది 1.57 కిలోల నైట్రస్ ఆక్సైడగును. అనగా సుమారు 430 కిలోల బొగ్గుపులుసు వాయువునకు సమానము.

“ఒక కిలో పోయిన మనకేమి?” అని కొందరడుగవచ్చును. నీరు నిలిచిన నేలలో ఆ దారినే మరింత నత్రజని మామూలు గాలియై పోవును. అది మన డబ్బే. లోకమునకు వేడి, మనకు నష్టము ఒకే తప్పువలన కలుగుచున్నవి.

చేయవలసిన పనులు

1. పచ్చిమడ్డిని పొలమున వేయరాదు. అది నేలలో కుళ్లుచు గాలిని హరించును, రోగక్రిములను తెచ్చును, నీరు నిలిచిన వరిమడిలో మీథేను వాయువును పెంచును.

2. కుప్పలో ఇనుపకడ్డీ గ్రుచ్చి, కొంతసేపటికి తీసి తాకి చూడుడు. తిరుగవేసిన పిదపకూడ కుప్ప వేడెక్కక, దుర్వాసన లేక, పొడిపొడిగా నున్నచో మాగినదని యెరుగునది.

3. ఎరువును విత్తుటకు ముందు చివరి దుక్కిలో చల్లి, ఆనాడే మన్నుతో కలుపవలెను. రేగడిలో నీరు నిలిచియున్నపుడు వేయరాదు. మురుగుకాలువ తీసి నీటిని పోనిచ్చిన పిమ్మటనే వేయవలెను.

4. ఎరువునుబట్టి యూరియాను తగ్గింపవలెను. 45 కిలోల బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని గలదు. నూటికొక పాలు నత్రజనిగల కంపోస్టు ఒక టన్నులో 10 కిలోలుండును. అందు కొంతయే మొదటి యేట పైరున కందును. రెంటిని లెక్కింపక పూర్తిగా వేసినచో మిగులు గాలిపాలగును. యూరియాను ఒకేసారి గాక విడతలుగా వేయుట మేలు.

5. ఎరువును కొనుటకు ముందు నత్రజనిని, సీసము, కాడ్మియము వంటి లోహములను పరీక్ష చేయింపవలెను. ఒక్కనికి భారమైన ఈ ఖర్చు సంఘమున పదిమంది పంచుకొన్నచో తేలికయగును.

ఎరువు ఎంత వేసితిమన్నది కాదు, పైరున కెంత అందినదన్నదే లెక్క. చదువురాని సోదరులకు ఈ పాఠమును చదివి వినిపింపగోరుచున్నాము.