కుక్క మోకాలు ఎక్కడుంది?

ప్రశ్న: మా పాపకు పదకొండేళ్లు. మనుషుల్నీ జంతువుల్నీ ఇష్టంగా గీస్తుంది కానీ కాళ్ల దగ్గరికొచ్చేసరికి బొమ్మ చెడుతోంది. ఎముకలు, కండరాల పేర్లు ముందే నేర్పించాలా?

జవాబు: పేర్లకు తొందర లేదండీ. కీళ్లు ఎక్కడున్నాయో ముందు కనిపెట్టనివ్వండి. కుక్క వెనక కాలు వెనక్కి వంగినట్టు కనిపించే చోటును పిల్లలు మోకాలనుకుంటారు. అది మడమ. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది, మనకులాగే ముందుకు వంగుతుంది. పాపను మునివేళ్ల మీద నిలబడి మోకాళ్లు కొంచెం వంచమనండి. తన మడమ పైకి లేవడం చూశాక ఆ కాలు తనకే అర్థమవుతుంది. కుక్క నడిచేది వేళ్ల మీదే. ఆవు, గుర్రం ఇంకా పైకి లేచి గిట్టల మీద నిలుస్తాయి. గుర్రం ముందుకాలికి మనం మోకాలనేది నిజానికి మణికట్టు.

తర్వాత ఒకే కాగితం మీద మనిషి చెయ్యి, కుక్క ముందుకాలు, గబ్బిలం రెక్క గీయించండి. భుజం నుంచి మోచేతి దాకా ఒక రంగు, అక్కణ్నుంచి మణికట్టు దాకా ఇంకొకటి, వేళ్లకు మరొకటి. రెక్కను పరిచి పట్టుకున్నవి పొడవాటి వేళ్లేనని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి! 1555లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పియర్ బెలోన్ మనిషి, పక్షి అస్థిపంజరాలను ఇలాగే పక్కపక్కన పెట్టి అచ్చువేశాడు.

కండరాలు ఏడాది ఆగినా ఫరవాలేదు. ఫొటోలు చూసి గీయడం మాత్రం తగ్గించండి, వీధిలో పడుకున్న ఆవును చూసి గీయనివ్వండి. తప్పిన బొమ్మను రబ్బరుతో చెరపకుండా పక్కనే మళ్లీ గీయమనండి.