చేతులు అలసినప్పుడు

ధ్యానభాగము: నిర్గమకాండము 17:8–13

అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున కొండమీద నిలిచిన మోషే చేతులు అలసిపోయెను. లేఖనము ఆ అలసటను పాపమని వ్రాయలేదు, అవిశ్వాసమని గద్దింపలేదు. జ్ఞాపకశక్తి కోల్పోయిన పెద్దలకు ఇంట ఉపచారము చేయుచు సొమ్మసిల్లుచున్నవారు మొదట గ్రహింపవలసినది ఇదియే.

డిమెన్షియా వార్ధక్యములో సహజముగా వచ్చు మతిమరుపు కాదు. మెదడునకు కలుగు వ్యాధి. 2023లో ప్రచురితమైన ఒక దేశవ్యాప్త అధ్యయనము ప్రకారము, మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము, అనగా సుమారు 88 లక్షలమంది, దీనికి లోనైయున్నారు. వీరిలో అత్యధికులకు ఇల్లే ఆశ్రయము. ఈ సేవకు ప్రపంచమంతట వెచ్చింపబడు గంటలలో 70 శాతము స్త్రీలవేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఈ సేవ ఎంత భారమైనదో చేయువారికే తెలియును. రోగి అడిగినదే పదేపదే అడుగును; స్నానమునకు ఒప్పుకొనడు; ప్రొద్దు గ్రుంకగానే "మా ఇంటికి పోవుదును" అని తన యింటి గుమ్మమే దాటబోవును. అన్నము పెట్టిన కోడలే నగలు దొంగిలించెనని నిందించుటయు కలదు. ఆ నింద వ్యాధి పలికించునది. కన్నతల్లి ఎదుట కూర్చుండియే "నీవెవరవు?" అని అడుగగా, కుమార్తె బ్రదికియున్న తల్లికొరకే దుఃఖింపవలసివచ్చును. ఆ దుఃఖమునకు భూస్థాపన కూడిక లేదు. పరామర్శకు వచ్చువారు లేరు. నిద్రలేని ఒక రాత్రి నోట కఠినమైన మాట వచ్చును. తెల్లవారినది మొదలు మనస్సాక్షి పొడుచును. ఆ మాటకు క్షమాపణ వేడుకొనవచ్చును గాని, ప్రేమ నశించెనని తలంపరాదు. తరిగినది బలమే.

అహరోను, హూరు ఏమి చేసిరో గమనించుడి.

1. వారు మొదట ఒక రాయి తెచ్చి మోషేను కూర్చుండబెట్టిరి. హితబోధకంటె ముందు విశ్రాంతి కావలెను. వారమునకు రెండు గంటలు ఎవరైనను రోగియొద్ద కూర్చుండినయెడల, సేవచేయు స్త్రీ నిద్రింపగలదు, ఆరాధనకు రాగలదు, తన జబ్బునకు తాను వైద్యునియొద్దకు పోగలదు.

2. ఇరువైపుల ఇద్దరు నిలిచిరి. తలిదండ్రులనుగూర్చిన అయిదవ ఆజ్ఞ కోడలికి మాత్రమే ఇయ్యబడలేదు. దూరదేశమందున్న కుమారుడు డబ్బు పంపినంతమాత్రమున ఋణము తీరదు. సెలవులకు వచ్చినప్పుడైనను రాత్రులు తానే మేలుకొనియుండవలెను.

3. సూర్యుడస్తమించువరకు వారు విడువలేదు. ఈ వ్యాధి ఏండ్లతరబడి సాగును. మొదటి నెలలో పండ్లు తెచ్చినవారు మూడవ యేట కానరారు. సంఘము వంతులు ఏర్పరచుకొనిననే సహాయము నిలుచును.

ఆమె ఓర్పును ప్రసంగములో కొనియాడి, ఆమెను ఇంట ఒంటరిగా విడిచిపెట్టినయెడల, ఆ పొగడ్త ఆమె చేతులకు మరియొక బరువగును.

ఆలోచించుడి: మీ సంఘములో ఈ కారణమున ఆరాధనకు రాలేకపోవుచున్నవారు ఎవరు? ఈ వారము వారి యింట మీరు కూర్చుండగల రెండు గంటలు ఏవి?