పోటీ పరీక్షల ప్రత్యేకం: గురుత్వాకర్షణ సూత్రాన్ని మార్చాలా?

జెర్సీ సిటీలోని లిబర్టీ సైన్స్ సెంటర్‌లో జెన్నిఫర్ చాల్స్టీ ప్లానెటేరియం 2017 డిసెంబరులో ప్రారంభమైంది. దాని గోపురం వ్యాసం 89 అడుగులు. అప్పటికి పశ్చిమార్ధగోళంలో అదే అతి పెద్దది. ఆ గోపురం కింద తిరిగే గెలాక్సీలలోనే భౌతికశాస్త్రపు తీరని చిక్కు ఉంది.

సూర్యుడికి దూరమయ్యేకొద్దీ గ్రహాల వేగం తగ్గుతుంది. గెలాక్సీ అంచు నక్షత్రాలు మాత్రం అలా నెమ్మదించవు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ భ్రమణ వేగాలను ప్రచురించారు. ఈ తీరుకు కారణం కనిపించని కృష్ణ పదార్థమని ఎక్కువమంది నమ్మకం. కృష్ణ పదార్థం అక్కర్లేదు, అతి స్వల్ప త్వరణాల దగ్గర న్యూటన్ నియమాన్నే సవరించాలని 1983లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మోర్డెహాయ్ మిల్‌గ్రోమ్ ప్రతిపాదించారు. అదే 'మోండ్'. విడి గెలాక్సీల విషయంలో అది ఆశ్చర్యపరిచేంత బాగా సరిపోతుంది, గెలాక్సీ సమూహాల దగ్గర తడబడుతుంది. అయినా దాన్ని కొట్టిపారేయకుండా పరీక్షిస్తూ ఉండటమే నాకు సరైనదనిపిస్తుంది.

అలాంటి ఒక పరీక్ష జరిగిన 2017 ఆగస్టు 17 తేదీని తప్పక గుర్తుంచుకోండి. రెండు న్యూట్రాన్ నక్షత్రాల విలీనం నుంచి గురుత్వ తరంగాలు అందిన సుమారు 1.7 సెకన్లకు గామా కిరణాలు చేరాయి. ప్రయాణం దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాలు! రెండింటి వేగమూ దాదాపు ఒకటేనని తేలడంతో చాలా సవరణ సిద్ధాంతాలు వీగిపోయాయి.

గురుత్వ తరంగాలను పసిగట్టేందుకు మన దేశం తలపెట్టిన లైగో-ఇండియా స్థలం: మహారాష్ట్రలోని హింగోలి జిల్లా. కేంద్ర మంత్రివర్గ ఆమోదం: 2023 ఏప్రిల్.