పిడి జారకుండా...

పిల్లలూ! మీ పాఠశాల ప్రయోగశాలలోని స్క్రూగేజిని ఒకసారి చేతిలోకి తీసుకోండి. త్రిప్పే తలమీద సన్నని గీతలు చెక్కి ఉంటాయి. స్క్రూగేజి అంతా నునుపే, ఆ తల మాత్రం గరుకు. క్రికెట్ బ్యాటు పిడికి రబ్బరు తొడుగు, సైకిలు హ్యాండిల్ పిడికి గాళ్ళు, సీసా మూత చుట్టూ అంచు గీతలు కూడా ఇలాంటివే. "ఇవన్నీ ఎందుకు?" అని తరగతిలో అడిగితే, "గరుకుతనం వల్ల ఘర్షణ పెరుగుతుంది, చెయ్యి జారదు" అని అందరూ ఒకే గొంతుతో చెబుతారు. జవాబు తప్పు కాదు. కాని అది సగం జవాబే. మిగతా సగం తెలుసుకోవాలంటే, పట్టు ఒక్క మిల్లీమీటరు తప్పినా లెక్క తేలిపోయే వస్తువును పరిశీలించాలి. అటువంటిది గురిపోటీలలో వాడే పిస్తోలు.

మూడు వేళ్ళ చోటు

పిస్తోలు పట్టుకున్నప్పుడు చూపుడువేలు ట్రిగ్గరు కోసం విడిగా ఉంటుంది. మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు పిడి ముందుభాగాన్ని చుట్టుకొని దానిని అరచేతివైపు లాగి పట్టుకుంటాయి. ఆ మూడు వేళ్ళు ఆనే సన్నని పట్టీవంటి భాగాన్ని ఫ్రంట్ స్ట్రాప్ అంటారు. 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన ఎం-1911 పిస్తోలులో పిడి రెండు ప్రక్కల చెక్కలమీద డైమండు ఆకారపు గాళ్ళుండేవి గాని, ఈ ముందుపట్టీ మాత్రం నున్నని ఉక్కు. గురిపోటీలలో పాల్గొనేవారు దీనితో తృప్తి పడక, పనివాళ్ళచేత దానిమీద కూడా గాళ్ళు చెక్కించుకోవడం మొదలుపెట్టారు.

ఎందుకో చిన్న లెక్క చేసి చూద్దాం. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం మీకు తెలుసు. ఈ పిస్తోలు గుండు ద్రవ్యరాశి సుమారు 15 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 250 మీటర్లు. అంటే గుండు ద్రవ్యవేగం 0.015 × 250 = 3.75 కి.గ్రా. మీ./సె. పిస్తోలుకు కూడా అంతే ద్రవ్యవేగం వెనక్కు వస్తుంది. దాని ద్రవ్యరాశి సుమారు 1.1 కిలోగ్రాములు. కాబట్టి అది వెనక్కు తన్నే వేగం 3.75 ÷ 1.1, అంటే సెకనుకు దాదాపు 3.4 మీటర్లు. (మందు వాయువుల ద్రవ్యవేగాన్ని వదిలివేశాము. దాన్నీ కలిపితే ఇంకా ఎక్కువవుతుంది.) పైగా గొట్టం చేతికంటె ఎత్తులో ఉంటుంది. అందువల్ల ఈ తన్ను పిస్తోలును వెనక్కు నెట్టడమే కాక, మూతి పైకి లేచేట్టు త్రిప్పుతుంది కూడా. ఆ త్రిప్పుడులో పిడి వేళ్ళ మధ్య జారితే, తరువాతి గుండుకు మళ్ళీ పట్టు సర్దుకోవలసిందే.

ఒలింపిక్ క్రీడలలోని 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ఈ తన్ను చాలా స్వల్పం. అర గ్రాము గుండు, సెకనుకు సుమారు 150 మీటర్ల వేగం, కిలోగ్రాము పిస్తోలు. మీరే లెక్క కట్టండి, సెకనుకు 7.5 సెంటీమీటర్లే వస్తుంది. మరి అక్కడ కూడా పిడిని గరుకుగా ఎందుకు చేస్తారు?

మిల్లీమీటరు విలువ

ఈ పోటీలో ఒంటిచేత్తో, 75 నిమిషాలలో 60 గుళ్ళు కాల్చాలి. పది మార్కుల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. పిస్తోలు ముందు గురికీ వెనుక గురికీ మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకుందాం. పిడి చేతిలో కాస్త మెలిదిరిగి ముందు గురి ఒక మిల్లీమీటరు ప్రక్కకు పోయిందనుకోండి. సరూప త్రిభుజాల ప్రకారం, 10 మీటర్ల దూరంలో గుండు 10 ÷ 0.32, అంటే సుమారు 31 మిల్లీమీటర్లు ప్రక్కకు పడుతుంది. పది రావలసిన చోట ఏడు వస్తుంది! కాబట్టి మొదటి గుండుకు వేళ్ళు ఎక్కడ, ఎలా ఆనాయో అరవయ్యవ గుండుకూ అక్కడే, అలాగే ఆనాలి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ రజతం, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే.

గరుకైతే చాలా?

1699లో ఫ్రాన్సు దేశస్థుడు అమాంటన్స్ ఘర్షణ నియమాలు ప్రకటించాడు. ఘర్షణ బలం అభిలంబ బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది, తాకే వైశాల్యంపై ఆధారపడదు అని మీ పుస్తకంలో ఉన్నది ఇదే. తరువాత కేంబ్రిడ్జిలో బౌడెన్, టేబర్ అనే శాస్త్రజ్ఞులు దీని లోగుట్టు విప్పారు. వారి గ్రంథం 1950లో వెలువడింది. రెండు లోహపు పలకలు ఒకదానిపై ఒకటి ఉన్నప్పుడు నిజంగా తాకేది సూక్ష్మమైన గుట్టల కొనలే. బరువు పెంచితే ఆ కొనలు అణగి, నిజంగా తాకే వైశాల్యం పెరుగుతుంది. అందుకే ఘర్షణ పెరుగుతుంది.

అయితే మన చర్మం లోహం కాదు. అది రబ్బరులాగ మెత్తగా వంగి, ఎదుటి తలానికి అంటుకుపోతుంది. అందుచేత పొడిగా, శుభ్రంగా ఉన్న నున్నని గాజును వేలితో నొక్కి లాగితే వేలు ఆగి ఆగి, కీచుమంటూ కదులుతుంది. అంటే పొడిచేతికి నునుపైన తలం కూడా మంచి పట్టే ఇస్తుంది! ఎండ రోజున పందెపు కార్లకు గాళ్ళు లేని నున్నని టైర్లు తొడగడంలోని రహస్యం ఇదే. 2009లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు వ్రేలిముద్రల గీతలను పరీక్షించి, నున్నని తలం మీద ఆ గీతలు తాకే వైశాల్యాన్ని తగ్గిస్తున్నాయనీ, ఘర్షణను పెంచడానికి అవి ఉన్నాయనుకోవడం సరికాదనీ తేల్చారు.

మరి గాళ్ళు దేనికి? చెమటకు!

కాస్త తడి మంచిదే. నోట్లు లెక్కపెట్టే గుమాస్తా వేలు తడి చేసుకుంటాడు. ఆ తడికి చర్మం మెత్తబడి కాగితానికి బాగా అంటుకుంటుంది. కాని తడి ఎక్కువై నీటిపొర ఏర్పడితే చర్మం పిడిని తాకదు, నీటిమీద తేలుతుంది. వానలో టైరు జారేది ఇందుకే. పోటీలో గుండె దడదడలాడేటప్పుడు అరచేతులు చెమర్చడం సహజం. అప్పుడు గాళ్ళు రెండు పనులు చేస్తాయి. మొదటిది, చెమట కాలువలలోకి పోయినట్లు వాటిలోకి పోయి, పైకొనలు పొడిగా మిగులుతాయి. రెండవది, ఆ కొనలు మెత్తని చర్మంలోకి కొద్దిగా దిగి, జారకుండా అడ్డుపడతాయి.

మూడు పద్ధతులు

మొదటిది గళ్ళ చెక్కుడు. ఆకురాయివంటి ప్రత్యేకమైన పనిముట్టుతో అడ్డంగా, నిలువుగా గీతలు కోస్తే చిన్న చిన్న పిరమిడ్లు ఏర్పడతాయి. అంగుళానికి 20, 25 లేదా 30 గీతలు కోయడం వాడుక. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కనుక, 20 గీతలకు ఎడం 1.27 మి.మీ., 30 గీతలకు సుమారు 0.85 మి.మీ. గాడి కోణం 90 డిగ్రీలైతే దాని లోతు ఎడంలో సగం ఉంటుంది. గీతల ఎడం పెరిగేకొద్దీ లోతు పెరుగుతుంది కాబట్టి, ముందుపట్టీ ఉక్కు మందాన్ని చూసుకొనే కోయాలి. లేకపోతే పిడి బలహీనమవుతుంది.

రెండవది చుక్కల పొడుపు. మీ అమ్మమ్మల కాలంలో తిరగలికి, రోటికి కక్కు కొట్టేవారు గుర్తున్నారా? అరిగి నునుపైన రాతిమీద ఉలితో గంట్లు పెట్టేవారు. అదే పని ఉక్కుమీద సన్నని పంచితో చేస్తారు. ఎయిర్ పిస్తోలు చెక్కపిడిమీద కనిపించే గరుకు గంట్లు ఈ కోవలోనివే.

మూడవది అంటించే పట్టీ. గట్టి సిలికాన్ కార్బైడ్ రేణువులున్న గరుకు టేపు ముక్కను పట్టీమీద అతికిస్తారు. ఇది చవక, లోహాన్ని కోయనక్కరలేదు, అరిగితే పీకి మరొకటి వేసుకోవచ్చు. ఏ గరుకు తనకు సరిపోతుందో తెలియనివారు ముందు దీనితోనే చూసుకోవడం తెలివైన పని. కోసిన ఉక్కును మళ్ళీ అతికించలేం కదా!

అతి సర్వత్ర వర్జయేత్

గీతలు మరీ దూరంగా, మొనలు మరీ వాడిగా ఉంటే వేళ్ళు నొప్పి పెడతాయి. నొప్పి పుట్టిన చెయ్యి తెలియకుండానే పట్టు సడలిస్తుంది. పట్టు సడలితే అభిలంబ బలం తగ్గుతుంది, దానితో ఘర్షణా తగ్గుతుంది. మరీ సన్నని గీతలైతే చెమట, మట్టి నిండి నునుపు తలమే అవుతుంది. కాబట్టి మంచి పిడి అంటే అన్నిటికంటె గరుకైన పిడి కాదు. అది పొడిచేతికీ, తడిచేతికీ ఒకేలా ఉండే పిడి.

చేసి చూడండి

ఒకే కొలత గల మూడు చెక్కపలకలు తీసుకోండి. మొదటిదాన్ని నున్నగా చిత్రికపట్టి వార్నీషు వేయండి. రెండవదానిమీద, పెద్దల సాయంతో, సన్నని రంపంతో ఏటవాలుగా రెండు దిక్కులలోనూ ఒకటిన్నర మి.మీ. ఎడంతో గాళ్ళు గీయండి. మూడవదానికి ఉప్పుకాగితం అంటించండి. చిన్న చెక్కదిమ్మ అడుగున పాత సైకిలు ట్యూబు ముక్క అతికించండి. ఇదే మన "వేలు". దిమ్మమీద అరకిలో రాయి పెట్టి, స్ప్రింగ్ త్రాసుతో ప్రతి పలకమీదా అడ్డంగా లాగి, కదలబోయే క్షణంలో కొలత వ్రాసుకోండి. తరువాత ప్రతి పలకమీదా ఒక చెంచా సబ్బునీరు పోసి మళ్ళీ కొలవండి. పొడికీ తడికీ ఎక్కువ తేడా ఏ పలకకు వచ్చిందో చూడండి. పొడిగా ఉన్నప్పుడు గెలిచిన పలకే తడిలోనూ గెలవాలని నియమమేమీ లేదు!

ఒక మాట. పిస్తోలు ఆటవస్తువు కాదు. గురి నేర్చుకోదలచినవారు అనుమతి గల రేంజిలో, శిక్షకుని ఎదుటనే నేర్చుకోవాలి. మన ప్రయోగానికి పలకలు చాలు.

ఆలోచించండి

1. దిమ్మమీద బరువు రెట్టింపు చేస్తే స్ప్రింగ్ త్రాసు కొలత సరిగ్గా రెట్టింపయిందా? కాకపోతే అమాంటన్స్ నియమం రబ్బరు విషయంలో ఎందుకు తడబడింది?

2. రెండు గురుల మధ్య దూరం 32కు బదులు 36 సెంటీమీటర్లయితే, ఒక మిల్లీమీటరు పొరపాటుకు గుండు ఎంత ప్రక్కకు పడుతుంది?

3. మీ ఇంట్లో తడిచేత్తో వాడే వస్తువులేవి? వాటి పిడులు నునుపా, గరుకా? పట్టిక తయారుచేసి మీ సైన్సు మాస్టారికి చూపండి.